గల్ఫ్ టికెట్ ఏజెంట్ దగ్గర కొనాలా, యాప్‌లోనా? మా బావకు జరిగింది చదివి చెప్పండి

కోరుట్ల పోరడు
మా బావ దుబాయ్‌లో ఏసీ మెకానిక్. రెండు నెలల ఛుట్టీ అయిపోయి పోయిన నెల తిరిగి బయల్దేరాడు. టికెట్ మా బస్టాండు దగ్గరి ట్రావెల్స్‌లో తీసుకున్నాం. దాని మీద టైము రాత్రి 9:40. మధ్యాహ్నం రెండింటికి కారు మాట్లాడుకుని అక్క, పిల్లలు, నేను అందరం శంషాబాద్ వెళ్ళాం. బావ ట్రాలీ తోసుకుంటూ లోపలికి పోయి పావుగంటలో అదే ట్రాలీతో బయటికి వచ్చాడు. విమానం టైము సాయంత్రం 5:20కి మార్చారట, మేము దారిలో ఉండగానే వెళ్ళిపోయిందట. మెసేజ్ ఐదు రోజుల ముందే పంపామని కౌంటర్‌లో చూపించారు. అది వెళ్ళిన నంబరు బావది కాదు, మా ఇంట్లో ఎవరిదీ కాదు.

కొత్త టికెట్ 19,500. డ్యూటీకి రెండు రోజులు ఆలస్యం, జీతంలో కోత. ట్రావెల్స్ ఆయన్ని అడిగితే "నాకూ రాలేదు, హైదరాబాద్ వాళ్ళకు వచ్చి ఉంటుంది" అన్నాడు. ఇక ఏజెంట్లను మానేయడమే మంచిదా?

మణికొండ హరి
మానేయండి. ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో పది నిమిషాల పని. మీ నంబరు, మీ మెయిల్ మీరే కొడతారు, మార్పు వస్తే మీ ఫోనే మోగుతుంది. మధ్యలో ఒక మనిషి ఉంటే అక్కడ ఒక ఆలస్యం, ఒక ఖర్చు. పైగా మీ బావ దగ్గర ఎంత సర్వీస్ చార్జీ తీసుకున్నారో మీకు తెలుసా?

కోరుట్ల పోరడు
800 అన్నాడు హరి అన్నా.

జమాఖర్చు
ఆ 800 రసీదులో రాసిచ్చాడా? ముందు అది చెప్పండి.

ట్రావెల్స్ అన్న
జగిత్యాల వైపు మాది. 17 ఏళ్ళుగా ఇదే పని. ఆ కుటుంబానికి జరిగింది తప్పే, దాన్ని సమర్థించను. కానీ 800 అనగానే దోపిడీ అన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి లెక్క చెప్తాను. ఒకప్పుడు ఎయిర్‌లైన్స్ ఏజెంటుకు టికెట్ మీద 9 శాతం ఇచ్చేవి. అది 7 అయింది, 5 అయింది, 2008లో మన దేశంలో పెద్ద ఎయిర్‌లైన్స్ సున్నా చేశాయి. ఆ తర్వాత మాకు మిగిలింది సర్వీస్ చార్జీయే. మాలాంటి చిన్న షాపులకు ఐఏటీఏ (ఎయిర్‌లైన్స్ అంతర్జాతీయ సంఘం) గుర్తింపు ఉండదు. హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉన్న పెద్ద ఏజెంటు పోర్టల్‌లో డిపాజిట్ పెట్టి, అందులోంచి టికెట్ కొడతాం. ఆయన అమెడియస్‌లాంటి టికెట్ బుకింగ్ సిస్టమ్‌లోంచి తీస్తాడు. టైము మారితే ఆ సమాచారం ఆ సిస్టమ్‌లో ఆయనకొచ్చే మెసేజ్‌ల క్యూలో పడుతుంది. ఆయన కుర్రాడు చూసి మాకు పంపాలి, మేము ప్యాసింజర్‌కు ఫోన్ చేయాలి. పోరడు చెప్పిన కేసులో ఈ గొలుసు ఎక్కడో తెగింది.

యాప్‌లో కన్వీనియెన్స్ ఫీజు ఉండదా? చివరి పేజీలో వస్తుంది, అంతే తేడా.

జమాఖర్చు
చివరి పేజీలో అయినా రాసి ఉంటుంది. మీరు రాసిస్తారా?

ట్రావెల్స్ అన్న
అడిగినవాళ్ళకు రాసిస్తా.

జమాఖర్చు
అడగనివాళ్ళకు?

రాయచోటి ఆడపడుచు
రసీదు సంగతి పక్కన పెట్టండి. మా అమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనికి ఉంది. చెన్నై నుంచి టికెట్ ఒక యాప్‌లో నేనే తీశాను. ఫ్లైట్ రద్దయింది. 22,400 రావాలి. యాప్ వాళ్ళను అడిగితే "ఎయిర్‌లైన్ ఇంకా పంపలేదు", ఎయిర్‌లైన్‌ను అడిగితే "మీరు మా దగ్గర కొనలేదు, కొన్నచోట అడగండి". చాట్‌లో ప్రతిసారీ కొత్త పేరు, మొదటి నుంచి అంతా మళ్ళీ చెప్పాలి. నాలుగు నెలలు. మా ఊరి ఏజెంటు అయితే షాపు ముందు కూర్చునేదాన్ని. యాప్ ముందు ఎక్కడ కూర్చోవాలి?

మణికొండ హరి
అక్కా, నేను చెప్పింది ఎయిర్‌లైన్ సైట్. మీరు కొన్నది యాప్‌లో. అదీ మధ్యవర్తే.

రాయచోటి ఆడపడుచు
పల్లెలో మనిషికి ఆ తేడా ఎవరు చెప్పారు? రెండూ ఫోన్‌లోనే ఉంటాయి.

పాత పాస్‌పోర్టు
అమ్మా, ఒక మాట. 2016 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నిబంధనల్లో స్పష్టంగా ఉంది: ఏజెంటు దగ్గర కొన్నా, పోర్టల్‌లో కొన్నా రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే, ఎందుకంటే వాళ్ళను నియమించుకున్నది ఎయిర్‌లైనే. కరోనా టికెట్ల కేసులో 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు కూడా ఏజెంటు ద్వారా కొన్నవాళ్ళ డబ్బు ఎయిర్‌లైన్ ఏజెంటుకు ఇవ్వాలని, ఏజెంటు వెంటనే ప్యాసింజర్‌కు చేర్చాలని చెప్పింది. ఈ మాట రాసి ఇద్దరికీ ఒకే మెయిల్ పెట్టండి.

షార్జా శీను
నేను పన్నెండేళ్ళుగా ఏజెంటు దగ్గరే. ఏనాడూ ఇబ్బంది లేదు.

ట్రావెల్స్ అన్న
హరి గారూ, పది నిమిషాల పని అన్నారు. మొన్న ఒక పిల్లవాడు సొంతంగా సైట్‌లో టికెట్ తీసుకుని వచ్చాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరు గడిలో రెండు మాటలు. ఇతను మొదటి మాటను ఇంటిపేరుగా కొట్టాడు, వీసాలో ఇంకోలా ఉంది. ప్రయాణం ఎల్లుండి. నాలుగు గంటలు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఆ టికెట్ నా దగ్గర కొనలేదు, నేను ఒక్క రూపాయి తీసుకోలేదు. 2022 నవంబరులో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టులకు విజిట్ వీసా కుదరదన్నప్పుడు మా షాపు ముందు ఎంతమంది నిలబడ్డారో మీకు తెలియదు.

మణికొండ హరి
మీ కష్టం కాదనను. కానీ సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పండి. టికెట్ కొట్టేటప్పుడు ఫోన్ నంబరు గడిలో ఎవరి నంబరు వేస్తారు?

ట్రావెల్స్ అన్న
చాలామందికి ఊరి నంబరొకటి, గల్ఫ్ నంబరొకటి. ఏది పని చేస్తుందో తెలియదు. మాది వేస్తే మేమే చూసుకుంటాం.

మణికొండ హరి
అది జవాబు కాదు. 2019 జూన్ నుంచి ఐఏటీఏ నిబంధన ప్రకారం ప్యాసింజర్‌ను నంబరు అడగాలి, ఇస్తే ఎయిర్‌లైన్‌కు చేర్చాలి. ఇవ్వను అంటే అదీ పీఎన్‌ఆర్‌లో, అంటే టికెట్ బుకింగ్ రికార్డులో, నమోదు చేయాలి. మీరు అడుగుతారా?

పాత పాస్‌పోర్టు
దీనికి ఇంకో ముడి ఉంది. విమానం రద్దయినప్పుడు ఇచ్చే పరిహారం విషయంలో, బుకింగ్ సమయంలో సరైన ఫోన్ వివరాలు ఇవ్వనివాళ్ళకు అది దక్కదని డీజీసీఏ నిబంధన. ఏజెంటు తన నంబరు వేస్తే నష్టపోయేది ప్యాసింజర్.

మణికొండ హరి
అదీ సంగతి. పేదవాడి హక్కును మీ లాభం కోసం దాచిపెడుతున్నారు అన్నా. సేవ అని చెప్పకండి.

ట్రావెల్స్ అన్న
సరే, విను తమ్ముడూ. నంబరు ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ రాత్రే ఎయిర్‌లైన్ ఆఫర్ మెసేజ్ వెళ్తుంది. వచ్చే ఛుట్టీకి ఆ మనిషి నా మెట్లెక్కడు. అతని మొదటి పాస్‌పోర్టు ఫారం నింపింది నేను, వాళ్ళ నాన్న శవం సౌదీ నుంచి రావాలంటే కాగితాలు పట్టుకుని తిరిగింది నేను. ఈ రోజుకు జనం దగ్గర నాకు రావాల్సిన బాకీ నాలుగు లక్షల పైన. ఏ యాప్ ఇస్తుంది టికెట్ అప్పు మీద? "మొదటి జీతం రాగానే ఇస్తా అన్నా" అంటే ఏ సైట్ ఒప్పుకుంటుంది? 2023 మేలో గో ఫస్ట్ ఎయిర్‌లైన్ ఆగిపోయినప్పుడు దేశమంతటా ఏజెంట్ల డబ్బు ఇరుక్కుంది. ఎయిర్‌లైన్ పోతే మేము పోతాం, ఎయిర్‌లైన్ బాగుంటే మా గిరాకీని లాక్కుంటుంది. అందుకే నా నంబరు వేస్తాను. అవును.

షార్జా శీను
అప్పు మాట నిజం. నా మొదటి టికెట్ అప్పు మీదే కొట్టిచ్చాడు మా ఏజెంటు.

మణికొండ హరి
ఒప్పుకున్నందుకు గౌరవిస్తాను. కానీ అప్పు ఇచ్చినంత మాత్రాన ఆ మనిషి మీ సొత్తు కాడు. అప్పుకు వడ్డీ తీసుకోండి, రసీదు రాసి 800 కాదు 1,500 తీసుకోండి. అతని విమానం ఎప్పుడో అతనికి తెలియనివ్వండి.

కోరుట్ల పోరడు
ఒక మాట మొదట చెప్పలేదు, ఇప్పుడు చెప్తా. బావ టికెట్‌లో 11,000 ఇంకా బాకీ ఉన్నాం. అందుకే అమ్మ ట్రావెల్స్ ఆయన్ని గట్టిగా అడగనివ్వలేదు. "అప్పు పెట్టుకుని ఏ మొహంతో అరుస్తావురా" అంది. 19,500 అడగాల్సింది మేము, తల దించుకుని నిలబడిందీ మేమే.

రాయచోటి ఆడపడుచు
తమ్ముడూ, ఆ 11,000లో మీ నష్టం తగ్గించుకోమని అడుగు. తప్పు లేదు.

ట్రావెల్స్ అన్న
పోరడా, ఆయన నాకు తెలిసినవాడై ఉండొచ్చు, అయినా చెప్తున్నా. అడుగు. మెసేజ్ హైదరాబాద్ వాళ్ళకు ఏ తేదీన వచ్చిందో మెయిల్ తీయించి చూపించమను. వాళ్ళు పంపకపోతే వాళ్ళ దగ్గర ఆయన రాబట్టుకోవాలి, మీ మీద వేయడానికి లేదు. ఇంకోటి, ఈసారి టికెట్ చేతికి రాగానే ఎయిర్‌లైన్ సైట్‌లో పీఎన్‌ఆర్, ఇంటిపేరు కొట్టి బావ నంబరు మీరే చేర్చండి. చాలా ఎయిర్‌లైన్స్ ఒప్పుకుంటాయి. ఏజెంటును అడగక్కర్లేదు.

మణికొండ హరి
మీ షాపులో కొన్నవాళ్ళకు కూడా ఇది చెప్తారా?

ట్రావెల్స్ అన్న
అడిగినవాళ్ళకు చెప్తా.

జమాఖర్చు
అడగనివాళ్ళకు?