టచ్ లేని డెస్క్‌టాప్‌కు టచ్ డిజైన్ ఎందుకు? తిరుపతి, చిత్తూరు కంప్యూటర్ మిత్రుల చర్చ

తిలక్‌రోడ్_డీటీపీ:

అందరికీ నమస్కారం. తిరుపతిలో డీటీపీ, జిరాక్స్ షాపు నాది. యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, పెండ్లి పత్రికలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పొద్దస్తమానం ఇదే పని. ఈమధ్య పాత సిస్టాలు తీసేసి విండోస్ 11 ఉండే కొత్తవి తెచ్చినాము. మెషీన్లు స్పీడే, పని మాత్రం ముందుకన్నా నిదానంగా సాగతా ఉంది. స్క్రీన్ మీద ఉండేదంతా వేలికి అనువుగా గీసినారు, మా చేతిలో ఉండేది మౌస్. వేరే కారణం నాకు కనపడలేదు.

ఒక్కటి వివరంగా చెప్తా. సీజన్లో ఒకేసారి ముగ్గురు పిల్లోళ్ల రిపోర్టులు వర్డ్‌లో తెరిచి ఉంటాయి. ముందైతే కింద టాస్క్‌బార్లో మూడు బటన్లు, మూడింటి మీదా ఫైలు పేర్లు. చూసిన వెంటనే నొక్కేవాళ్లం. ఇప్పుడు మూడూ కలిసి ఒక్క బొమ్మ కిందికి పోయినాయి. మౌస్ దాని మీద పెట్టి ఆగితే చిన్న చిన్న నమూనాలు లేస్తాయి. మూడూ తెల్ల కాయితాలే, మూడింట్లో అదే టైమ్స్ న్యూ రోమన్. ఒకరి చాప్టర్లో ఇంకొకరి టేబుల్ పడిందంటే బైండింగ్ అయినాక గాని తెలీదు. పూటకు ఎన్నిసార్లు చేస్తామో లెక్కలేని పని ఇది.

టచ్ ఉండే ల్యాప్‌టాప్‌కు టచ్ డిజైన్ ఇవ్వండి, వద్దనను. టచ్ లేని డెస్క్‌టాప్‌కు ఎందుకు? మీరేమంటారు?

బైరాగిపట్టెడ_టీచర్:

అన్నా, మీ ఇబ్బంది నిజమే. ఇంకో వైపు కూడా చూడండి. నేను కంప్యూటర్ క్లాసులు చెప్తాను. ఇప్పుడు వచ్చే పిల్లలు మౌస్ కంటే ముందు ఫోన్ పట్టినవాళ్లు. ఇంటర్ అయిపోయి వచ్చినా ఫోల్డర్ లోపల ఫోల్డర్ అంటే తికమక పడతారు. పెద్ద గుర్తులు, కాస్త ఖాళీ జాగా, తక్కువ మెనూలు ఉంటే భయం లేకుండా మొదలుపెడతారు. చేతులు వణికే పెద్దవాళ్లకు చిన్న బటన్ మీద మౌస్ నిలపడం ఎంత కష్టమో దగ్గరుండి చూస్తుంటాను. 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఉంది కదా: గురి ఎంత పెద్దదైతే, ఎంత దగ్గరగా ఉంటే, అంత త్వరగా అందుతుంది. అది మౌస్‌కూ వర్తిస్తుంది. పెద్ద బటన్ అనగానే డెస్క్‌టాప్‌కు శత్రువని అనుకోవద్దు.

రేణిగుంట_కోడర్:

మేడమ్, ఆ సూత్రంలో దూరం కూడా ఉందని మీరే అన్నారు. బటన్లు పెద్దవై, మధ్యలో ఖాళీ పెరిగితే దూరమూ పెరుగుతుంది. ఇంకొకటి, మౌస్ బాణం స్క్రీన్ అంచు దాటి పోదు. అందుకే మూలన ఉన్న బటన్‌ను సరిగ్గా చూడకపోయినా ఒక్క ఊపులో అందుకోవచ్చు. ఎడమ మూల స్టార్ట్ బటన్‌కు ఉన్న బలం అదే. 2021 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 దాన్ని మధ్యకు జరిపింది. సెట్టింగ్స్‌లో ఎడమకు తెచ్చుకోవచ్చు, మంచిదే, అయితే ఎంతమంది సెట్టింగ్స్ దాకా పోతారు?

ఈ గొడవ ఇప్పటిది కాదు. 2010లో ఐప్యాడ్ వచ్చి జనం టాబ్లెట్ల వెంట పడ్డాక, మైక్రోసాఫ్ట్ 2012 అక్టోబర్ 26న విండోస్ 8 తెచ్చింది. స్టార్ట్ బటన్ తీసేశారు. మెనూ బదులు స్క్రీన్ నిండా యాప్‌ల పలకలు పెట్టారు. షట్‌డౌన్ చేయాలంటే మౌస్‌ను కుడి మూలకు తీసుకుపోయి, దాగి ఉన్న చార్మ్స్ అనే బటన్ల పట్టీని బయటికి రప్పించి, సెట్టింగ్స్ నొక్కి, అక్కడ పవర్ వెతుక్కోవాలి. వేలితో అయితే కుడి అంచు నుంచి లోపలికి ఒక్కసారి జరిపితే ఆ పట్టీ వచ్చేది. మౌస్ వాడేవాళ్లకు మాత్రం ఎవరో ఒకరు చెప్పాల్సిందే. ఏడాది తిరక్కముందే 8.1లో స్టార్ట్ బటన్ వెనక్కి తెచ్చారు, నొక్కితే వచ్చేది మాత్రం ఆ పలకల స్క్రీనే. పవర్ బటన్‌ను పలకల స్క్రీన్ మీద కంటికి కనిపించేలా పెట్టింది 2014 ఏప్రిల్ అప్‌డేట్‌లో. స్టార్ట్ మెనూ తిరిగి రావడానికి 2015 జులైలో విండోస్ 10 దాకా ఆగాల్సి వచ్చింది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకోటి. విండోస్ 8 లోపల మంచి పని చాలా జరిగింది. బూటింగ్ వేగం పెరిగింది, టాస్క్ మేనేజర్ బాగుపడింది, ఫైల్ కాపీని మధ్యలో ఆపి మళ్లీ నడిపే వీలు వచ్చింది. స్టార్ట్ బటన్ గొడవలో అవన్నీ మరుగున పడిపోయాయి.

చిత్తూరు_అకౌంట్స్:

నేను చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు లెక్కలు రాస్తాను. తోతాపురి సీజన్ వచ్చిందంటే తలెత్తే టైము ఉండదు. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్లో పేమెంట్‌కు ఎఫ్5, రసీదుకు ఎఫ్6, సేల్స్‌కు ఎఫ్8, పర్చేజ్‌కు ఎఫ్9. కండ్లు బిల్లు మీద, వేళ్లు కీబోర్డు మీద. నాకు మౌసే అక్కర్లేదు, ఇంక టచ్ మాట ఎందుకు?

నా కంప్లైంట్ ఏమంటే, కొత్తగా వచ్చే సాఫ్ట్‌వేర్లలో కీబోర్డు దార్లు మూసేస్తా ఉండారు. పాత మెనూల్లో ఆల్ట్ కొడితే అక్షరాల కింద గీతలు పడేవి, ఆ అక్షరం కొడితే పని అయిపోయేది. ఇప్పుడు యాడ చూసినా మూడు గీతల బొమ్మ, మూడు చుక్కల బొమ్మ. ట్యాబ్ కొట్టుకుంటా పోతే ఎక్కడుండామో స్క్రీన్ మీద తెలీదు. టీచరమ్మా, నేర్చుకునేది కొన్ని దినాలు, పని చేసేది సర్వీసంతా. ఆ కొన్ని దినాల సులువు కోసం మిగిలిందంతా నిదానం చేస్తే ఎట్ల?

బైరాగిపట్టెడ_టీచర్:

కీబోర్డు సంగతిలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను సార్. చూపు లేని పిల్లలకు కీబోర్డే ఆధారం, అది మూతపడితే మొదటి దెబ్బ వాళ్లకే. కానీ పాతదంతా మంచిదే అంటే ఒప్పుకోను. రైట్ క్లిక్ మెనూ సంగతి చూడండి. సాఫ్ట్‌వేర్ వేసిన ప్రతిసారీ ఒక్కో వరుస చేరి చేంతాడంత అయ్యేది. విండోస్ 11 దాన్ని కుదించింది. మా పిల్లలకు అది మేలే చేసింది.

తిలక్‌రోడ్_డీటీపీ:

కుదించింది సరేనమ్మా, మిగిలినవన్నీ 'షో మోర్ ఆప్షన్స్' వెనక్కి పోయినాయి. ఒక క్లిక్‌తో అయ్యేదానికి రెండు. కట్, కాపీ, డిలీట్ అనే మాటలు తీసేసి మెనూ పైన ఉత్త బొమ్మలు పెట్టినారు. ఆ బొమ్మల కింద పేర్లు 2024లో వచ్చిన 24హెచ్2 అప్‌డేట్‌తో గాని తిరిగి రాలేదు. మీరు చెప్పే కొత్త పిల్లోళ్లకే కదా మాట కావాల్సింది? బొమ్మ చూసి కనుక్కోవాలంటే అదేందో ముందే తెలిసుండాల. పనికి కొత్తగా చేరిన పిల్లోడు కత్తెర బొమ్మను కనుక్కున్నాడు గాని, పేరు మార్చే బొమ్మ దగ్గర ఆగిపోయినాడు.

కాళహస్తి_లైనక్స్:

విండోస్‌కు బదులు వాడే ఉచిత సిస్టం లైనక్స్ వైపు కూడా ఇదే జరిగింది. 2011లో గ్నోమ్ 3, ఉబుంటు అనే లైనక్స్ రకంలో యూనిటీ అనే కొత్త డెస్క్‌టాప్ తెరలు వచ్చి పాత పద్ధతిని మార్చేశాయి. నచ్చనివాళ్లు ఊరుకోలేదు, లైనక్స్ మింట్ అనే ఇంకో రకం వాళ్లు పాత పద్ధతిలో సినమన్ అనే తెర తయారు చేసుకున్నారు. యూనిటీని ఉబుంటు 2017లో వదిలేసింది. కేడీఈ అనే ఇంకో లైనక్స్ డెస్క్‌టాప్ చేసేవాళ్లయితే డెస్క్‌టాప్‌కు ప్లాస్మా, ఫోన్‌కు ప్లాస్మా మొబైల్ అని రెండు వేర్వేరు ముఖాలు పెట్టారు. అన్నా, మీరు మింట్‌కు రాకూడదా?

తిలక్‌రోడ్_డీటీపీ:

పేజీలు దిద్దే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ లైనక్స్‌కు లేదు తమ్ముడూ. తెలుగు పత్రికల పాత ఫైళ్లన్నీ దాంట్లోనే ఉండాయి.

రేణిగుంట_కోడర్:

రెండు ముఖాలు పెట్టడానికి కంపెనీలు ఎందుకు ఇష్టపడవో నా పనిలో నాకు తెలుసు. ఫోన్‌కు ఒక డిజైన్, డెస్క్‌టాప్‌కు ఒక డిజైన్ అంటే రెండు టీములు, రెండు టెస్టింగులు. ఒకే స్క్రీన్‌ను సాగదీసి రెండింటికీ పెడితే ఖర్చు తగ్గుతుంది. ఆ మిగిలిన ఖర్చును మనం పనిగంటల్లో కడుతున్నాం.

సాంకేతికంగా మాత్రం ఇది కుదరని పని కాదు. విండోస్ 10లో టాబ్లెట్ మోడ్ ఉండేది. కీబోర్డు ఊడదీస్తే టచ్‌కు తగినట్టు, తగిలిస్తే డెస్క్‌టాప్‌కు తగినట్టు మారే ఏర్పాటు అది. 2020 మార్చిలో ఐప్యాడ్‌కు మౌస్ సపోర్ట్ ఇచ్చినప్పుడు ఆపిల్ మౌస్ కోసం ప్రత్యేకంగా కర్సర్ గీసింది. బటన్ మీదికి పోతే అది ఆ బటన్ ఆకారంలోకి మారుతుంది, అక్షరాల మీదికి పోతే సన్న గీత అవుతుంది. టాబ్లెట్‌కు మౌస్ తగిలిస్తే అంత శ్రద్ధ పెట్టగలిగినప్పుడు, టచ్ లేని డెస్క్‌టాప్ మీద ఆ శ్రద్ధ ఎందుకు పెట్టకూడదు?

చిత్తూరు_అకౌంట్స్:

టాస్క్‌బార్లో పేర్లు మళ్లీ తెచ్చుకునే దారి ఏదన్నా ఉందా కోడర్ తమ్ముడూ? మా ఆఫీసులోనూ అదే తిప్పలు.

రేణిగుంట_కోడర్:

విండోస్ 11 అయితే ఉంది సార్. 2021లో తీసేసిన దాన్ని, వాడేవాళ్లు అడగ్గా అడగ్గా 2023లో తిరిగి ఇచ్చారు. టాస్క్‌బార్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లోకి పోండి. టాస్క్‌బార్ బిహేవియర్స్ కింద బటన్లు కలపాలా అని ఉంటుంది, 'నెవర్' పెట్టండి. ఫైళ్ల వరుసలు దూరం దూరంగా ఉంటే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో 'కాంపాక్ట్ వ్యూ' టిక్ చేయండి. పాత రైట్ క్లిక్ మెనూకు షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్.

బైరాగిపట్టెడ_టీచర్:

ఇవి మా పిల్లలకూ చూపిస్తాను. అయినా కొత్త సిస్టం తెరవగానే కనిపించేది మొదటిసారి కూర్చునేవాళ్లకు తగినట్టే ఉండాలి. పని తెలిసినవాళ్లు మార్చుకోగలరు, కొత్తవాళ్లు మార్చుకోలేరు.

తిలక్‌రోడ్_డీటీపీ:

నా గొడవ కూడా ఆ మొదటి తెర మీదే అమ్మా. టచ్ ఉందో లేదో ఆ మెషీన్‌కు తెలుసు. లేదని తెలిసినాక బటన్ల మీద పేర్లు, దగ్గర వరుసలు వాటంతట అవే రావాల. మీ క్లాసులో పెద్ద అక్షరాలు కావాలంటే అదే తెర మీద అడిగి ఇయ్యమనండి, నేనూ మీతోపాటు అడుగుతా.