వెల్డింగ్ చేయించాక లోపలివైపు తుప్పు ఆగేదెలా?

మాది 2009 మోడల్ పెట్రోల్ వ్యాన్. కాకినాడలో సముద్రానికి దగ్గరగా, ఆరుబయటే ఉంటుంది. స్లైడింగ్ డోర్ కింద ఫుట్‌బోర్డు అంచున జానెడు మేర పెయింటు పొక్కులు లేచింది. జూన్‌లో 80 నంబరు ఎమిరీ పేపరుతో రుద్ది రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే మందు), రెడాక్సైడ్ ప్రైమర్, పుట్టీ, పెయింటు అన్నీ నేనే వేశాను. నాలుగు వానలు పడగానే అదే చోట మళ్లీ పొక్కులు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రేకు అప్పడంలా విరిగింది! తుప్పు లోపలి నుంచి వస్తుంటే నేను పైన సోకులు చేశానన్నమాట. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాల్లో మట్టి కూడా తీసేశాను.

టింకరింగ్ మేస్త్రీ ఆ ముక్క కోసి 20 గేజి రేకు వెల్డింగ్ చేస్తానంటున్నాడు. ఆ వేడికి, బోలుగా ఉండే ఫుట్‌బోర్డు లోపలి పెయింటు కాలిపోతుంది, అక్కడికి బ్రష్షు దూరదు. కొందరు లోపల పాత ఇంజిన్ ఆయిల్ పోయమంటున్నారు, నాకు నమ్మకం లేదు.

వెల్డింగ్ తర్వాత ఆ బోలు భాగంలో, ఉప్పుగాలికి తట్టుకునేలా, మీరు ఏం కొట్టించారు?