పొడగరి సెంటర్‌పై ఇద్దరిని పెట్టాలా, ఒక్కడితో సరిపెట్టాలా?

క్లిప్పుల కార్తీక్:
అమెరికాలో ఎమ్మెస్ చదువుకుంటూ మా చిన్న కళాశాల బాస్కెట్‌బాల్ జట్టుకు వీడియో సహాయకుడిగా పనిచేస్తున్నాను. వచ్చే శనివారం మేము ఎదుర్కోబోయే జట్టులో ఆరడుగుల పదకొండంగుళాల సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి) ఉన్నాడు. మా వాళ్లలో అందరికన్నా పొడగరి ఆరడుగుల ఆరంగుళాలే. ఆ జట్టు ఆడిన ఏడు ఆటల వీడియోలు మా దగ్గర ఉన్నాయి. అతడికి బంతి అందిన ప్రతిసారీ రెండో మనిషిని పంపాలన్నది నా అభిప్రాయం. 2023 మార్చి 17న కొలంబస్‌లో, జాతీయ కళాశాల టోర్నీలో, ఫెయిర్‌లీ డికిన్సన్ విశ్వవిద్యాలయ జట్టు పర్డ్యూ విశ్వవిద్యాలయ జట్టుపై చేసింది అదే కదా. పర్డ్యూ సెంటర్, ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఎడీకి ముందొకరిని, వెనకొకరిని నిలబెట్టి, పదహారో సీడ్‌గా (టోర్నీ ర్యాంకులో అట్టడుగున) వచ్చి ఒకటో సీడ్‌ను 63-58తో ఓడించారు. కళాశాల ఆటల పైశ్రేణి అయిన డివిజన్ వన్ మొత్తంలో అందరికన్నా పొట్టి జట్టు వారిది. మా ప్రధాన కోచ్ మాత్రం ఈ ఆలోచనకు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

లెక్కల మనిషి:
కార్తీక్ గారూ, ఆ ఆటను పథకానికి రుజువుగా చూపడంతో నేను ఏకీభవించలేను. ఆ రాత్రి పర్డ్యూ ఇరవై ఆరు త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) ప్రయత్నిస్తే ఐదే పడ్డాయి. ఆ సీజన్‌లో వారి సగటు మూడింట ఒకటికి కొంచెం తక్కువ, అంటే ఇరవై ఆరింటిలో ఎనిమిది పడటం మామూలు విషయం. ఆ మూడూ పడి ఉంటే తొమ్మిది పాయింట్లు వచ్చేవి, ఓడింది ఐదుతో. నూరు సార్లు ఆడితే తొంభై తొమ్మిది సార్లు పర్డ్యూవాళ్లే గెలుస్తారని ఫెయిర్‌లీ డికిన్సన్ కోచ్ టోబిన్ ఆండర్సన్ ఆట ముగిశాక తానే అన్నారు. పైగా అంత కాపలా పెట్టినా ఎడీ 21 పాయింట్లు, 15 రీబౌండ్లు (పడని షాట్ల నుంచి అందుకున్న బంతులు) తీసుకుపోయాడు. గురి తప్పిన రాత్రిని చూసి ప్రత్యర్థిని చదివిన గొప్పతనమని పొగుడుతున్నాము.

పాత పాయింట్ గార్డ్:
లెక్కల మనిషి గారి కూడిక సరైనదే గాని, ఆ ఇరవై ఆరు షాట్లు ఎవరు వేశారు, ఎందుకు వేయవలసి వచ్చింది అన్న ప్రశ్న అందులో లేదు. ఎడీ ఆ ఆటలో వేసిన షాట్లు పదకొండే. దేశంలో అందరికన్నా బలమైన సెంటర్‌ను పెట్టుకుని కూడా ఒక జట్టు అతడి చేతికి బంతి అందించలేక, బయట నిలబడి అంతకు రెండింతలకు పైగా త్రీలు వేసిందంటే, అక్కడికి దాన్ని నెట్టింది ఎదుటివాళ్ల పథకమే. షాట్ పడుతుందా లేదా అన్నది అదృష్టం కావచ్చు. ఏ షాట్ ఎవరి చేత వేయించాలన్నది మాత్రం స్కౌటింగ్, అంటే ప్రత్యర్థిని ముందే చదవడం.

ఇంకొకటి కూడా గమనించాలి. ఆ ఆటకు రెండు రోజుల ముందు, బుధవారం రాత్రి డేటన్‌లో టెక్సస్ సదర్న్‌పై గెలిచాక ఆండర్సన్ తన ఆటగాళ్లతో, పర్డ్యూను చూసిన కొద్దీ వాళ్లను ఓడించగలమనిపిస్తోందని చెప్పడం కెమెరాకు దొరికింది. అప్పట్లో చాలామందికి అది పొగరుగా తోచింది. నాకు మాత్రం ఆయన వీడియోలో ఏదో చూశాడనిపించింది. పర్డ్యూ తరఫున బంతి నడిపే గార్డులిద్దరూ మొదటి ఏడాది కుర్రాళ్లు, వీళ్లేమో ఆట పొడవునా మైదానమంతా వెంటాడే జట్టు.

మా రోజుల్లో, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలన్నీ ఒకే ఊళ్లో జరిగేవి కాబట్టి, గ్యాలరీలో కూర్చుని నోటుపుస్తకంలో గీసుకునేవాళ్లం. అమెరికా కళాశాలల్లో అదే సీజన్‌లో ఎదురుకాబోయే జట్టు ఆటకు మనిషిని పంపడాన్ని అక్కడి కళాశాల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నియమాలు సాధారణంగా ఒప్పుకోవు కనుక మీరు వీడియోనే నమ్ముకోక తప్పదు.

రెండో వరుస:
పర్డ్యూ కథ 2023తో ఆగలేదు. మరుసటి ఏడాది అదే జట్టు, అదే ఎడీ, జాతీయ ఫైనల్ దాకా వచ్చారు. 2024 ఏప్రిల్ 8న అక్కడ కనెక్టికట్ దానికి పూర్తిగా వ్యతిరేకమైన పథకంతో ఆడింది. ఎడీని తమ సెంటర్ డొనోవన్ క్లింగన్ ఒక్కడికే వదిలేసి, తక్కినవాళ్లు షూటర్లను అంటిపెట్టుకుని కదల్లేదు. ఎడీ 37 పాయింట్లు చేశాడు, అయినా కనెక్టికట్ 75-60తో గెలిచింది. ఆ సీజన్‌లో పర్డ్యూ త్రీలలో నూటికి నలభై వేసే జట్టు. ఆ రాత్రి వాళ్లకు దొరికినవి ఏడు ప్రయత్నాలే, పడింది ఒక్కటి. ఎడీ అదే ఎడీ అయినా అతడి చుట్టూ ఉన్నవాళ్ల గురి మారింది కాబట్టి మందు కూడా మారింది. కాబట్టి కార్తీక్ గారూ, మీరు చూడవలసింది సెంటర్‌ను కాదు, తక్కిన నలుగురిని.

లెక్కల మనిషి:
ఈ మాట ఒప్పుకుంటాను. అయితే క్లింగన్ ఏడడుగుల రెండంగుళాలవాడన్నది మరువకూడదు. కార్తీక్ గారి జట్టులో అటువంటివాడు లేడు. ఏడు ఆటల్లో ఒక కుర్రాడు పదకొండు త్రీలలో మూడు వేశాడంటే అతడికి గురి లేదనుకోవడం కూడా తొందరపాటే. అంత కొద్ది షాట్ల కన్నా ఫ్రీ త్రో (ఫౌల్ తర్వాత ఎవరూ అడ్డుకోని షాట్) శాతమే అతడి చేతి సంగతి ఎక్కువ చెబుతుంది. అక్కడ నూటికి ఎనభై వేస్తున్నవాడిని మూలలో వదిలేస్తే మీకు శనివారం నిద్ర పట్టదు.

క్లిప్పుల కార్తీక్:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఒంటిగంట వరకు మళ్లీ చూశాను. ఆ సెంటర్ ఎడమవైపు పోస్టులో (బుట్టకు దగ్గరి చోట) బంతి అందుకోగానే ఒకసారి నేలకు కొట్టి, కుడి భుజం మీదుగా తిరుగుతాడు. ఆ ఒక్క డ్రిబుల్ పడేటప్పుడు మాత్రమే అతడి తల కిందికి వంగుతుంది. రెండో మనిషి వెళ్లవలసింది అప్పుడే. బంతి అందీ అందకముందే వెళితే, నిటారుగా నిలబడి అందరి తలల మీదుగా ఎదుటి మూలకు పాస్ ఇచ్చేస్తాడు. ఇది ఏడింటిలో ఐదు ఆటల్లో కనిపించింది. నేను మొదట చెప్పిన ‘ప్రతిసారీ’ తప్పని ఇక్కడే తేలింది.

గత నెల నేను పధ్నాలుగు పేజీల నివేదిక ఇస్తే, మా గార్డ్ ఒకడు దాన్ని తిరగేసి, "ఇంతకీ నేను ఎవరిని వదిలేయాలి?" అని అడిగాడు. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను. ఈసారి నివేదిక ఒక్క పేజీ. ఫ్రీ త్రోలలో సగం కూడా వేయలేని వారి పవర్ ఫార్వర్డ్ నంబరు పైన పెద్ద అక్షరాలతో ఉంటుంది. రెండో మనిషి అతడిని వదిలే వస్తాడు. మా కోచ్ దీనికి సగం ఒప్పుకున్నారు. మొదటి పది నిమిషాలు ఒక్కడితోనే ఆడి, మా సెంటర్‌పై రెండో ఫౌల్ పడిన క్షణాన ఇది మొదలుపెడదామన్నారు. ఆ ఫార్వర్డ్‌ను కూర్చోబెట్టి నాలుగో షూటర్‌ను దింపితే ఏం చేయాలో గురువారం ప్రాక్టీసులోగా తేల్చాలి.