అప్‌డేట్: చురుకైన పిల్లల తరగతి మొదలైంది

జూన్‌లో బడి తెరవకముందు నేను అడిగింది ఇదీ: తిరుపతిలో మా బడిలో నాలుగో తరగతి నుంచి బాగా చురుకైన 14 మందిని విడిగా నాకు అప్పగించారు, మొదటి వారం ఏం చేయించాలి? 'ఎక్కువ లెక్కలు వద్దు, లోతైన లెక్క ఒక్కటివ్వండి' అని మీలో చాలామంది అన్నారు. అదే చేశాను. చాలా థ్యాంక్స్.

మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్ గారు కనిపెట్టిన 6174 లెక్క తీసుకున్నాను. ఏదైనా నాలుగంకెల సంఖ్య (నాలుగూ ఒకే అంకె కాకూడదు) అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి ఒకసారి, చిన్న నుంచి పెద్దకి ఒకసారి పేర్చి, పెద్ద సంఖ్యలోంచి చిన్నది తీసివేయాలి. వచ్చినదాన్ని మళ్లీ అలాగే చేయాలి. ఏడుసార్లు మించకుండా 6174కి చేరుతుంది. ఒక పాప అలిపిరి మెట్లు 3,550 కదా అని ఆ సంఖ్యే ఎంచుకుంది. 5530లోంచి 0355 తీసేస్తే 5175, తర్వాత అలాగే 5994, 5355, 1998, 8082, 8532, 6174. వేళ్లమీద లెక్కపెట్టుకుని "టీచర్, ఏడు! ఏడుకొండలు!" అని అరిచింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

టెన్షన్ పెట్టింది ఇంకొకటి. ఎప్పుడూ ఫస్టొచ్చే బాబు ఒకడు తీసివేతలో తప్పు చేసి, పేజీ చిరిగేదాకా రబ్బరుతో రుద్దాడు. కళ్లలో నీళ్లు. తప్పంటే ఇలాంటి పిల్లలకు ఎంత భయమో నాకు అప్పుడే తెలిసింది. మర్నాటి నుంచి రబ్బర్లన్నీ నా బల్లమీదే. తప్పును కొట్టేసి పక్కనే మళ్లీ రాయమంటున్నాను. బోర్డు మీద నా తప్పుల్నీ అలాగే ఉంచుతున్నాను.

నిన్న ఆ బాబే కొట్టేసిన లెక్క తెచ్చి, "ఇక్కడ అప్పు తీసుకోవడం మర్చిపోయాను టీచర్" అని చూపించాడు.