పదిహేనేళ్ళు ముట్టుకోని డబ్బు: బంగారమా, బిట్‌కాయినా, వెండా?

నంద్యాల_బాబు:
అందరికీ నమస్తే. ఊళ్ళో మా వాటా స్థలం అమ్మితే 12 లక్షలు చేతికొచ్చాయి. అప్పులు గిప్పులు ఏం లేవు, పీఎఫ్, సిప్‌లు వేరేగా నడుస్తున్నాయి కాబట్టి ఈ డబ్బుని ఓ పదిహేనేళ్ళు ముట్టుకోకుండా పక్కన పడేద్దామని ఉంది, పాపకి ఇప్పుడు మూడేళ్ళు, దాని చదువు టైముకి అక్కరకొస్తే చాలు. పెరగాలని ఆశ లేదు అనను గానీ ముందు విలువ కరిగిపోకూడదు. నాన్నేమో బంగారం బిళ్ళలు కొని లాకర్లో పడెయ్‌రా అంటారు, ఆఫీసులో టీమ్‌మేట్ ఒకడు బిట్‌కాయినే డిజిటల్ గోల్డ్, బంగారం ముసలాళ్ళ సరుకు అంటాడు, మా బావమరిది వెండి వెండి అని రోజూ వాట్సాప్‌లో చార్టులు పంపుతున్నాడు. దయచేసి సగం సగం పెట్టు అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి, ఎందుకో చెప్పండి.

సాతోషి_తమ్ముడు:
బ్రో, సింపుల్ లెక్క. బిట్‌కాయిన్ మొత్తం 2 కోట్ల 10 లక్షలే, అంతకుమించి ఎవడూ పుట్టించలేడు. 2024 ఏప్రిల్ హాల్వింగ్ (కొత్త కాయిన్లు పుట్టే వేగం సగానికి తగ్గడం) తర్వాత రోజుకి సుమారు 450 కాయిన్లే కొత్తగా వస్తున్నాయి, అంటే ఏడాదికి 1 శాతం కూడా లేదు. బంగారం ఏటా మూడు వేల టన్నుల పైనే తవ్వుతున్నారు, రేటు పెరిగితే ఇంకా తవ్వుతారు. పైగా బంగారం గవర్నమెంట్ చేతికి అందేది, అమెరికాలో 1933లో జనం దగ్గరున్న బంగారం తెచ్చి అప్పగించమన్నారు, మన దగ్గర 1968 గోల్డ్ కంట్రోల్ యాక్ట్ వచ్చాక 1990 దాకా మామూలు మనిషి బిస్కెట్లు దాచుకోడానికే లేదు. నగలు ఉంచుకోవచ్చు, బిస్కెట్ ఉంటే నేరం. వాలెట్ తాళంచెవి లాంటి పన్నెండు పదాలు గుర్తుపెట్టుకుంటే ఏ దేశమైనా దాటించగలిగే ఆస్తి ఇంకేదుందో చెప్పండి.

తరుగు_లెక్క:
చాలాకాలం గోల్డ్ లోన్ బ్రాంచిలో పనిచేశాను కాబట్టి నా చూపు కౌంటర్ అవతల నుంచి. జనం విలువ దాచుకోవడం అంటే రేటు ఎంత పెరిగింది అని చూస్తారు. నేను చూసేది కష్టమొచ్చిన రోజు అది ఎంత తొందరగా, ఎంత తక్కువ నష్టంతో డబ్బవుతుంది అని. హాస్పిటల్ బిల్లు కట్టాలని పొద్దున గాజులు పట్టుకొచ్చిన ఆవిడ మధ్యాహ్నానికి క్యాష్‌తో వెళ్ళేది, జీతం స్లిప్ అడగం, సిబిల్ కూడా పెద్దగా అడ్డం కాదు, అమ్ముకోనక్కర్లేదు కూడా, తాకట్టు విడిపించుకుంటే వస్తువు మళ్ళీ ఆవిడదే. దేశం కూడా 1991లో అదే చేసింది కదా, డాలర్లు అడుగంటితే 47 టన్నులు ఇంగ్లాండు, జపాన్ బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టింది. ఇవాళ ఆర్‌బీఐ దగ్గర 850 టన్నుల పైనే ఉంది.

అలాగని నాన్నగారి మాట మొత్తం కరెక్టని కాదు. నగలు కొంటే మజూరీ, తరుగు, దానిమీద జీఎస్టీ అన్నీ కలిసి షాపు గుమ్మం దాటేసరికే గట్టి బొక్క. బిళ్ళ అయినా 3 శాతం జీఎస్టీ పోయినట్టే, తిరిగి అమ్మేటప్పుడు అది రాదు. సావరిన్ గోల్డ్ బాండ్లు (బంగారం రేటుకి ముడిపెట్టి గవర్నమెంట్ ఇచ్చిన బాండ్లు) ఉన్న రోజుల్లో హాయిగా ఉండేది, 2015 నవంబర్లో గ్రాము 2,684కి ఇచ్చిన మొదటి బాండ్లు 2023 నవంబర్లో 6,132కి తీర్చారు, మధ్యలో వడ్డీ అదనం. 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి ఇవ్వలేదు. ఇప్పుడైతే నేను గోల్డ్ ఈటీఎఫ్ (షేర్లలా డీమ్యాట్‌లో కొనుక్కునే బంగారం ఫండ్) అంటాను, పాప నగలు మాత్రం వేరే ఖాతా, దాన్ని పెట్టుబడి అని లెక్క రాసుకోకండి.

కొలరాడో_కోడలు:
సాతోషి తమ్ముడు గారూ, 1 శాతం సప్లై లెక్క బాగుంది గానీ సప్లై స్థిరంగా ఉంటే విలువ స్థిరంగా ఉంటుందనేం లేదు, డిమాండ్ ఎగిరెగిరి పడుతుంటే రేటూ అలాగే పడుతుంది. 2021 నవంబర్లో 69 వేల డాలర్ల దాకా వెళ్ళింది, ఏడాది తిరిగేసరికి ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ కూలిన టైముకి 16 వేల కిందకొచ్చింది. ఇందులో నాకు ఇబ్బందనిపించేది పడటం కాదు, పడిన టైమ్. 2022 జూన్‌లో ఇక్కడ అమెరికాలో ధరల పెరుగుదల 9.1 శాతం, నలభై ఏళ్ళలో అంత చూళ్ళేదు, డిజిటల్ గోల్డ్ అన్నది పనికిరావాల్సింది సరిగ్గా ఆ ఏడాదే కదా? ఆ ఏడాది అసలు బంగారం డాలర్లలో ఎక్కడిదక్కడే ఉంది, రూపాయి పడింది కాబట్టి ఇండియాలో పెరిగింది కూడా.

బంగారం భక్తులకీ ఓ మాట. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు, తర్వాత 250 చిల్లరకి జారి మళ్ళీ 850 చూడ్డానికి 2008 దాకా పట్టింది. మనవాళ్ళకి ఆ దెబ్బ తెలీలేదు, ఎందుకంటే ఆ ఇరవై ఏళ్ళలో డాలర్ 8 రూపాయల నుంచి 47కి వెళ్ళింది. మన ఇళ్ళల్లో బంగారం ఎప్పుడూ పడదు అనే నమ్మకంలో సగం రూపాయి పుణ్యమే. వెండి సంగతి ఇంకా ఘోరం. 1980లో హంట్ బ్రదర్స్ అనే అమెరికా కోటీశ్వరులు ఎగబడి కొన్నప్పుడు 50 డాలర్ల దగ్గరికి వెళ్ళింది, 2011లో మళ్ళీ అక్కడిదాకా వచ్చి జారింది, దాటింది 2025 అక్టోబర్లో! సోలార్ ప్యానెళ్ళు, ఎలక్ట్రానిక్స్‌లో వాడకం ఎక్కువ కాబట్టి ఫ్యాక్టరీలు డల్ అయితే అదీ డల్. మీ బావమరిదికి ఆ చార్టు 1980 నుంచి పంపమనండి.

సాతోషి_తమ్ముడు:
2022 పాయింట్ ఒప్పుకుంటా, కానీ పదిహేనేళ్ళు అన్నాడు కదా, ఒక్క ఏడాది చూసి ఎలా? 2010 నుంచి చూడండి.

తరుగు_లెక్క:
2010 నుంచి పట్టుకున్నవాడు ఎక్కడ పెట్టుకున్నాడో కూడా చూడాలి తమ్ముడూ. మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజ్‌లో పెట్టినవాడికి అది 2014లో దివాలా తీయడంతోనే అయిపోయింది. మన ఇండియా ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్‌లో 2024 జూలైలో 23 కోట్ల డాలర్ల హ్యాకింగ్ జరిగితే కస్టమర్లు ఏడాదికి పైగా డబ్బు తీసుకోలేకపోయారు. సొంత వాలెట్‌లో పెట్టుకుంటే ఆ పన్నెండు పదాలు మీ తర్వాత ఇంట్లో ఎవరికి తెలుసు? లాకర్‌కి నామినీ ఉంటుంది.

ఇక టాక్స్. క్రిప్టో లాభం మీద 30 శాతం, దానిపై సెస్సు, ఎన్నేళ్ళు ఉంచుకున్నా అంతే. ఒక కాయిన్‌లో పోయింది ఇంకోదాంట్లో సర్దుకోడానికి లేదు, అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్. బంగారం రెండేళ్ళు దాటితే 12.5 శాతం. పదిహేనేళ్ళ తర్వాత ఈ రేట్లే ఉంటాయని కాదు, కానీ గవర్నమెంట్ దేన్ని ఎలా చూస్తోందో తెలుస్తోంది కదా.

నంద్యాల_బాబు:
థాంక్స్ అండీ, వెండి అయితే లిస్టులోంచి తీసేశా, బావమరిదికి 1980 చార్టు పెట్టా, బ్లూ టిక్ పడింది, రిప్లై లేదు 😄 ఒక డౌట్, ఈటీఎఫ్ ఒకేసారి కొనాలా నెలనెలా కొనాలా? ఇప్పుడు రేటు చూస్తే భయంగా ఉంది.

తరుగు_లెక్క:
భయమైతే ఏడాది పాటు నెలనెలా కొనండి, మిగతాది ఎఫ్‌డీలో ఉంచి. 2013లో పది గ్రాములు 30 వేలు దాటాక కొన్నవాళ్ళు 2015లో 25 వేల దగ్గర చూసి అమ్ముకుని పోయారు, మా బ్రాంచికి రెండు వీధుల అవతలే క్యూ కట్టి.

కొలరాడో_కోడలు:
బిట్‌కాయిన్ కూడా కొంచెం కావాలనిపిస్తే మొత్తం పోయినా పాప ఫీజుకి అడ్డం రానంత పెట్టండి, పదాలు కాగితం మీద రాసి మీ ఆవిడకి ఎక్కడుందో చెప్పండి. ఫోన్‌లో ఫోటో తీసి మాత్రం పెట్టుకోవద్దు.