సమస్య: తన్నుఁ దాఁ దిని పక్షి సంద్రమ్ము దాటె

నిర్వాహకుడు:

మిత్రులందరికీ నమస్కారం. చలి తగ్గుముఖం పట్టిన ఈ రోజుల్లో, నీరు తీసిన బురద మేటల మీద పిట్టల సందడి ఎంత ఉందో మీలో చాలామంది రోజూ చూస్తూనే ఉన్నారు. నిన్న తెల్లవారుజామున గాడ్విట్ అనే వలస పిట్ట ఒకటి నాకు ఇరవై అడుగుల దూరంలో, కొసన కాస్త పైకి వంగిన ఆ పొడుగు ముక్కును మొదలంటా బురదలో దించి మేస్తూ కనిపించింది. రొమ్ము మీద బూడిద రంగు ఈకల నడుమ ఇటుక రంగు ఈకలు అక్కడొకటి ఇక్కడొకటి తొంగిచూస్తున్నాయి. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా దాని పొట్ట కిందికి జారి కాళ్ళ నడుమ ఊగుతోంది. ఇంత బరువు మోసుకుని ఇది ఎలా ఎగురుతుందా అని ఆలోచిస్తూ ఇల్లు చేరేలోగా ఈ పాదం పలికింది. ఛందస్సు తేటగీతి అని మీకు తెలిసిందే. ఇదే చివరి పాదంగా, పైన మూడు పాదాలు చేర్చి పూరణలు పంపండి.

తన్నుఁ దాఁ దిని పక్షి సంద్రమ్ము దాటె

ఉప్పుగాలి:

ఈ సమస్యలో అసంభవం ఏమీ లేదని, ఉన్నది ఉన్నట్టు చెబితే చాలని నాకు తోచింది.

ప్రేగుఁ గుదియించి కొవ్వునుఁ బెంచుకొనుచు
దారి పొడవున దిగుచోటు దక్కకున్న
రెక్క లాడించి యెనిమిది రేలు పవలు
తన్నుఁ దాఁ దిని పక్షి సంద్రమ్ము దాటె.

ఎనిమిది రోజులన్నది ఊహించి చెప్పిన మాట కాదు. 2007లో ఉపగ్రహ పరికరం అమర్చిన ఒక ఆడ గాడ్విట్ అలాస్కా నుంచి న్యూజిలాండ్ వరకు 11,680 కిలోమీటర్లు, ఎక్కడా వాలకుండా, సుమారు ఎనిమిది రోజుల్లో ఎగిరింది. నీటి మీద వాలి సేదతీరగల పక్షి కాదది. దారిలో మేత లేదు కనుక తన ఒంటిని తానే తిన్నదనడం అక్షరాలా నిజం.

మడచెట్టు:

ఉప్పుగాలి గారి మూడవ పాదం నిజంగా రెక్క విప్పినట్టుంది. రెండు సార్లు పైకి చదువుకున్నాను. అయితే మొదటి పాదంలో క్రమం తలకిందులైంది. 'కుదియించి', 'పెంచుకొనుచు' అంటే ప్రేగు ముందుగా కుంచించుకుపోయిందని, ఆ తరువాత కొవ్వు పెరుగుతూ ఉందని అర్థం వస్తుంది. అరిగించే ప్రేగు లేకుండా కొవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ పిట్టలు వారాల తరబడి మేసి కొవ్వు పట్టేదాకా కందనకాయ, కాలేయం, ప్రేగులు నిండు పరిమాణంలో పనిచేయవలసిందే. ఇక మేత అక్కరలేదు, బయలుదేరడమే తరువాయి అన్న దశలోనే అవి చిన్నవవుతాయి. 1998లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, అలాస్కా నుంచి బయలుదేరిన పిల్ల గాడ్విట్‌ల బరువులో 55 శాతం దాకా కొవ్వే ఉన్నట్టు, జీర్ణావయవాలు మాత్రం బాగా చిన్నవై ఉన్నట్టు తేలింది.

ఇంకొక మాట. పక్షుల విషయంలో ఉప్పుగాలి గారు కారణానికి ముందు ఫలితాన్ని నిలపడం ఇది మొదటిసారి కాదు. ఫ్లెమింగో మీద సమస్య ఇచ్చినప్పుడు వారు 'పుట్టినప్పుడె యెరుపైన పొడుగు కొంగ' అని రాశారు, అందరూ మెచ్చుకున్నారు, నేనొక్కడినే ఒప్పుకోలేదు. ఫ్లెమింగో పిల్ల పుట్టినప్పుడు బూడిద రంగులో ఉంటుంది. ఉప్పునీటి నాచులోను, చిన్న రొయ్యలలోను ఉండే కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్ల ఆ ఎరుపు తరువాత ఏళ్ళలో వస్తుంది. 'మేఁత వలననె యెరుపైన మేటి కొంగ' అని ఉంటే యతికీ లోటు రాదు, పక్షికీ అన్యాయం జరగదు. ఆనాడు ఈ సవరణను ఎవరూ పట్టించుకోలేదు కనుక మళ్ళీ చెబుతున్నాను.

ఉప్పుగాలి:

మడచెట్టు గారి ఆక్షేపణ న్యాయమైనదే. ఫ్లెమింగో పాదం విషయంలోనూ వారిదే సరి, ఆనాడే ఒప్పుకొని ఉండవలసింది. ఈ పద్యానికి మొదటి పాదం ఇలా మారుస్తున్నాను.

కొవ్వు నిండిన పిమ్మటఁ గుదియఁ బ్రేగు

ఇప్పుడు ముందు కొవ్వు, తరువాత ప్రేగు. క్రమం కుదిరింది. మొదటి దానికన్నా ఈ పాదమే బిగువుగా ఉందని నాకే అనిపిస్తోంది.

మడచెట్టు:

ఇది మంచి పాదం, మనస్ఫూర్తిగా అంటున్నాను. ఎనిమిది మాత్రం ఇప్పుడు పాత లెక్క. 2022 అక్టోబరులో ఐదు నెలల వయసున్న ఒక పిల్ల గాడ్విట్ అలాస్కా నుంచి టాస్మేనియా వరకు 13,560 కిలోమీటర్లు పదకొండు రోజుల్లో ఎగిరింది. పైగా ఈ రెండూ చలికాలానికి ముందు దక్షిణానికి సాగిన ప్రయాణాలు. నిర్వాహకులు చూసిన పిట్ట ఉత్తరానికి తిరిగి వెళ్ళబోయేది.

ఉప్పుగాలి:

పద్యంలో దిక్కు చెప్పలేదు కాబట్టి రాకకూ పోకకూ అది సరిపోతుంది. న్యూజిలాండ్ నుంచి పసుపు సముద్రపు ఒడ్డు దాకా సాగే తిరుగు ప్రయాణంలో కూడా గాడ్విట్‌లు నడుమ ఆగకుండానే ఎగురుతాయి. 'పదునొక్క రేలు పవలు' అని మార్చినా గణం నిలుస్తుంది గాని, నా మనసులో ఉన్నది 2007 నాటి ఆ తల్లి పక్షి. ఎనిమిదినే ఉంచుతున్నాను.

ఇసుకతిన్నె:

పెద్దల నడుమ ఇది నా రెండవ పూరణ. తప్పులుంటే దిద్దండి.

ఎర్ర ముక్కుల పక్షులు ఇసుకలోన
మెరయు నీటను దమ నీడ మేఁతటంచు
పొడిచి యాఁకలి తీరక పొద్దు గ్రుంక
తన్నుఁ దాఁ దిని పక్షి సంద్రమ్ము దాటె.

ఆయిస్టర్‌క్యాచర్ తడి ఇసుక మీద తల వంచినప్పుడు, కింది నుంచి ఇంకొక ఎర్ర ముక్కు పైకి లేచి దాని ముక్కును తాకినట్టు కనబడుతుంది. అది చూసి రాశాను.

అరసున్న:

తమ్ముడూ, నీడను తినడమన్న ఊహ చాలా బాగుంది. రెండు ముక్కులు నీటి అంచున కలుసుకోవడాన్ని దగ్గరగా చూసినవారే ఇలా రాయగలరు. దోషాలు రెండున్నాయి, రెండూ దిద్దుకోదగినవే.

మొదటిది విసంధి. 'పక్షులు ఇసుక' అని విడిగా ఉంచడానికి వీలు లేదు, ఉత్వానికి అచ్చు పరమైతే సంధి నిత్యం. 'పక్షు లిసుక' అని కలిపితే ఒక అక్షరం తగ్గి గణం కూలిపోతుంది. నోటితో చదివేటప్పుడు మనం ఆగి ఆగి చదువుతాం కనుక ఈ తప్పు చెవికి తెలియదు, వేళ్ళు మడిచి లెక్క పెడితేనే తెలుస్తుంది. రెండవది వచనం. పైన 'పక్షులు', 'తమ నీడ' అని బహువచనం పెట్టి, సమస్యలో 'తన్ను', 'పక్షి' అని ఏకవచనానికి దిగావు. ఒకే మార్పుతో రెండూ తీరతాయి.

ఎర్ర ముక్కున గుంపుతో నిసుకలోన
మెరయు నీటను దన నీడ మేఁతటంచు

మడచెట్టు:

అరసున్న గారు పద్యాన్ని నిలబెట్టారు. పక్షి గురించి ఒక్క మాట చేరుస్తాను. బురదలో మేసే పిట్టలలో చాలావాటికి కంటికన్నా ముక్కు కొసే ముఖ్యం. నాట్ పక్షి ముక్కు కొసన ఒత్తిడిని పసిగట్టే సూక్ష్మ గ్రాహకాలు ఉంటాయి. తడి ఇసుకలో ముక్కు గుచ్చినప్పుడు నీటిలో పుట్టే ఒత్తిడి తేడాను బట్టి, ఇంకా ముక్కుకు తగలని గుల్లను కూడా అది పసిగడుతుంది. అంత నేర్పున్న పిట్టలు నీడను మేత అనుకుంటాయా? ఇది కవిసమయం, అంటే కవులకు చెల్లే కల్పన, అనుకుని చదివితే నాకు అభ్యంతరం లేదు.

సందెపొద్దు:

అందరూ 'తన్ను' అంటే 'తనను' అనే తీసుకున్నారు. తన్నులు తినడమన్న మాట కూడా మన భాషలో ఉంది కదా.

వెనుక వచ్చెడి తోడుల వెతలు దీర
ముందు నిలిచి పయనమున మొనను దాఁకు
ఏటవాలుగ వీచెడి యెదురు గాలి
తన్నుఁ దాఁ దిని పక్షి సంద్రమ్ము దాటె.

గాలి తన్నును తానే తిని, జట్టుకు ముందు నడిచిన పక్షి కడలి దాటింది. మొన్న సాయంత్రం నీటి అంచు నుంచి లేచిన బాతుల వరుస నాగటి కొర్రులా వంగి నా తల మీదుగా వెళ్ళింది. అన్నిటికన్నా ముందున్నది కాసేపటికి పక్కకు తప్పుకోగానే, వెనుకది దాని చోటికి వచ్చింది. అది చూస్తున్నప్పుడే మూడవ పాదం చివర 'గాలి' అని ఆగి, సమస్యను 'తన్ను'తో అందుకోవచ్చని తోచింది.

అరసున్న:

సందెపొద్దు గారూ, మీకు నమస్కారం పెట్టాలి. సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా, పై పాదం చివరి మాటను షష్ఠీ సమాసంగా కిందికి దించి అర్థాన్ని పూర్తిగా మార్చారు. పూరణ అంటే ఇదీ అని కొత్తవారికి చూపించవలసిన పద్యం. సమస్య ఇచ్చినవారికి కూడా 'తన్ను'లో దెబ్బ దాగి ఉందని తోచి ఉండదు.

మడచెట్టు:

చమత్కారాన్ని నేనూ మెచ్చుకుంటున్నాను, కానీ నా మనసు పూర్తిగా ఒప్పుకోవడం లేదు. ఏటవాలుగా వీచే గాలి ఎదురుగాలి ఎలా అవుతుంది? ఒకే పాదంలో రెండు దిక్కుల గాలి వీచింది. వరుస కట్టి ఎగరడంలో వెనుక పక్షికి కలిగే లాభం కూడా గాలి దెబ్బ తప్పిపోవడం కాదు. ముందు పక్షి రెక్క కొసన తిరిగే సుడిలో పైకి లేచే గాలి పాయ వెనుక పక్షిని ఎత్తిపడుతుంది, అదీ లాభం. ఐబిస్ పక్షుల మీద జరిగిన పరిశోధనల్లో, అవి ఆ పాయకు అనుగుణంగా రెక్క ఊపును సరిచూసుకుంటాయని 2014లోను, ముందు చోటును వంతుల వారీగా పంచుకుంటాయని 2015లోను వెల్లడైంది. సందెపొద్దు గారు చూసిన వంతు మార్పు ముమ్మాటికీ నిజం. దానికి వారు చెప్పిన కారణమే సరికాదు.

అంతకన్నా పెద్ద మాట ఒకటుంది. ఈ సమస్య పైకి అసంభవంగా కనబడుతూ లోపల అక్షరాలా నిజమైనది. అలాంటప్పుడు శ్లేషతో పక్కకు తప్పుకోవడం కన్నా, ఆ నిజాన్నే ఎదుర్కొని పూరించడం కష్టం, అదే గొప్ప అని నా అభిప్రాయం. నా పూరణ ఇది.

మెదడు నూపిరితిత్తులు మినహయించి
గుండె కండలు కాలేయ కోశములను
కరుగఁ జేయుచు దినముల కరువు నోర్చి
తన్నుఁ దాఁ దిని పక్షి సంద్రమ్ము దాటె.

2000లో ప్రచురితమైన ఒక పరిశోధన దీనికి ఆధారం. ఆస్ట్రేలియా వాయవ్య తీరం నుంచి చైనా తీరానికి 5,400 కిలోమీటర్లు ఎగిరిన గ్రేట్ నాట్ పక్షులను ప్రయాణానికి ముందు, తరువాత పరీక్షించి పోల్చారు. మెదడు, ఊపిరితిత్తులు తప్ప తక్కిన అవయవాలన్నీ తగ్గాయి. కొవ్వు ఒక్కటే కరిగిపోతుందని అనుకునేవారికి ఇది ఆశ్చర్యంగా ఉంటుంది. ఎగరడానికి ఏది లేకపోయినా గడుస్తుందో, ఏది లేకపోతే గడవదో ఆ పిట్ట ఒంటికే తెలుసు.

ఉప్పుగాలి:

విషయంలో దీనికి సాటి వచ్చే పూరణ ఈసారి లేదు, నాది కూడా దీని తరువాతే. కానీ మడచెట్టు గారూ, 'మినహయించి' ఏమిటి? ఆ మాట 'మినహాయించి'. 'హా'కు దీర్ఘం ఉంటే గణం చెడుతుందని దీర్ఘాన్నే తీసేశారు. కొవ్వు ముందా ప్రేగు ముందా అని నన్ను నిలదీసిన మీరు, మాటలోని దీర్ఘాన్ని మాత్రం అంత సులువుగా వదిలేయడం నాకు నచ్చలేదు.

మెదడు నూపిరితిత్తులు మిగుల నిచ్చి

ఇలా అంటే యతి నిలుస్తుంది, అర్థమూ మెరుగవుతుంది. 'మినహాయించి' అన్నది కచేరీ మాట. 'మిగులనిచ్చి' అంటే ఆ పక్షి తనలో తాను ఏదో దాచుకున్నట్టు వినబడుతుంది.

సందెపొద్దు:

మడచెట్టు గారు చెప్పిన ఏటవాలు దోషం నిజమే. 'ఏట' దగ్గర యతి కుదిరిందన్న సంతోషంలో గాలి దిక్కు చూసుకోలేదు. మూడవ పాదం మారుస్తున్నాను.

ఎడము లేకయె వీచెడి యెదురు గాలి

రెక్క కొసన లేచే గాలి పాయ సంగతి నాకు తెలియదు. తెలిశాక పద్యం నాకే ఇంకా బాగా నచ్చుతోంది. వెనుకవాటికి ముందు పక్షి రెక్క ఆసరాగా ఉంటుంది. ముందు పక్షికి ఆసరా ఇచ్చే రెక్క ఏదీ లేదు. ఆ తన్ను పూర్తిగా దానిదే. శ్లేష పట్టుకున్నంత మాత్రాన నేను నిజం నుంచి తప్పుకోలేదని నా మనవి.

మడచెట్టు:

ఇలా చదివితే ఒప్పుకుంటాను. ముందు పక్షికి ఆసరా లేదన్న మాట నాకు తట్టలేదు. ఉప్పుగాలి గారి 'మిగుల నిచ్చి' కూడా తీసుకుంటున్నాను, నా మొదటి పాదాన్ని అలాగే చదవండి.

నిర్వాహకుడు:

ఈసారి ఒక్క పద్యాన్నే ఎంచడం నాకు సాధ్యం కాలేదు. మాట విరుపుకు సందెపొద్దు గారి పూరణను, విషయానికి మడచెట్టు గారి పూరణను, నడకకు ఉప్పుగాలి గారి మూడవ పాదాన్ని పైన నిలుపుతున్నాను. ఇసుకతిన్నె పద్యాన్ని అరసున్న గారి సవరణతో కలిపి ఉంచుతున్నాను, కొత్తవారు రెండింటినీ పక్కపక్కన పెట్టి చదువుకోవాలి.

ఈ తెల్లవారుజామున మళ్ళీ అదే బురద మేటకు వెళ్ళాను. మొన్న యాభైకి పైగా ఉన్న గాడ్విట్‌లలో ఏడు మిగిలాయి. ఆరు మేస్తున్నాయి. ఏడవది, రొమ్మంతా ఇటుక రంగుకు తిరిగినది, ముక్కు బురదలో పెట్టనే లేదు. నీటి అంచున గాలికి ఎదురుగా నిలబడి ఈకలు దువ్వుకుంటూ ఉంది. నేను ఉన్నంతసేపూ అది ఒక్కసారి కూడా మేయలేదు.