మూడు సప్లీలు, ఇంట్లో చెప్పలా, రాత్రిళ్ళు నిద్ర పట్టట్లా

కొండపి_కుర్రోడు:
అన్నలూ అక్కలూ, నేను నెల్లూరులో ఇంజినీరింగ్ ఈసీఈ సెకండియర్, మాగుంట లేఅవుట్‌లో హాస్టల్. మూడు సబ్జెక్టులు పోయినయ్, ఎం3 (మ్యాథ్స్ మూడో పేపర్) అయితే రెండోసారి. సోమవారం నుంచి మిడ్స్, రెండు ల్యాబ్ రికార్డులు రాయకుండా అట్నే ఉండాయి. రాత్రి ఒంటిగంట దాకా టీ మీద టీ తాగి కూర్చుంటా, బుర్రలోకి ఏం ఎక్కదు, పడుకుంటే గుండె దడదడ, తెల్లారి లేవలేక ఫస్ట్ అవర్ ఎగ్గొడతా, అటెండెన్స్ 68కి వచ్చింది. అసలు సంగతేందంటే ఇంట్లో చెప్పలా. మాది పొగాకు. నాన్న రోజూ ఫోన్ చేసి ఈరోజు వేలం ప్లాట్‌ఫాంలో నాలుగు బేళ్ళు నో బిడ్ పడినయ్ రా, ఎవురూ పాడలా అంటాడు, ఆ వెంటనే నువ్వు బాగా చదువుతుండావు గదా అంటాడు. ఊ అంటా. ఇంక ఆ రాత్రి చదివినట్టే. యోగా చెయ్, పాటలు విను అని కాకుండా ఇంకేమన్నా చెప్పండి.

మూలాపేట_సీనియర్:
తమ్ముడూ నాకు ఐదు ఉండినయ్, ఇప్పుడు జాబ్ చేస్తుండా. ముందు ఆ 68 సంగతి చూడు. 75 శాతం లేకపోతే 65 దాకా కండొనేషన్ (అటెండెన్స్ తగ్గినందుకు కట్టే ఫీజు) కట్టి గట్టెక్కొచ్చు, 65 కిందకి పోతే సెమిస్టరే మళ్ళీ. సప్లీ ఎప్పుడైనా రాసుకోవచ్చు, డిటైన్ అయితే జూనియర్ల పక్కన కూర్చోవాల. సాయంత్రం నాలుగు తర్వాత టీ మానెయ్, కెఫీన్ సగం దిగడానికే ఐదారు గంటలు పడతది, రాత్రి పదింటికి తాగింది తెల్లవారుజామున మూడింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటది, ఇంక నిద్ర యాడ నుంచి వస్తది? చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే అబ్బయ్యా. ఎం3కి పాత పేపర్లు తీసి తిరిగి తిరిగి వచ్చే లెక్కలు రెండు యూనిట్లలోవి చెయ్, మిగతావి మిడ్స్ అయినాక. మైపాడు బీచ్‌కి పోదాం రా అనే ఫ్రెండ్స్ ఉంటారు, నేను పరీక్ష ముందురోజు పోయి తగలేసుకున్నా.

ఒంగోలు_అమ్మ:
బాబూ, మావాడు కూడా ఏడాది పైన చెప్పలా. సప్లీ ఫీజు మమ్మల్ని అడగలేక వేలికున్న ఉంగరం తాకట్టు పెట్టాడు. పోయిన సబ్జెక్టుల గురించి నేనొక్క మాట అనలా, ఆ ఉంగరం లేని వేలు చూసి మాత్రం ఏడ్చా. మీ నాన్నకి చెప్పు, పెద్ద కథ వద్దు, మూడు పోయినయ్, ఫలానా నెలలో రాస్తా అంతే.

కావలి_పిల్ల:
ఆంటీ, వేలం జరిగేటప్పుడు చెప్తే ఆయనకి ఇంకో దిగులు కాదా? మంచి రేట్లు వచ్చినాక చెప్తే మేలేమో.

ఒంగోలు_అమ్మ:
మంచి రేట్లు ఎప్పుడు వస్తాయో పొగాకు బోర్డుకే తెలీదమ్మా.

తెల్లకోటు:
నేను నర్సింగ్. దడ వచ్చినప్పుడు ముక్కుతో నాలుగు లెక్కపెట్టి పీల్చి, ఎనిమిది లెక్కపెట్టి మెల్లగా వదులు, ఒక ఐదు నిమిషాలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాల. రెండు వారాలైనా నిద్ర, తిండి సరిగ్గా లేకపోతే, లేదంటే బతకబుద్ధి కావట్లేదని ఒక్కసారి అనిపించినా సరే, 14416కి చెయ్. టెలి మానస్ అది, 2022లో పెట్టారు, డబ్బులు లేవు, ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. కాలేజీకి తెలుస్తదేమో అని భయపడబాక.

కొండపి_కుర్రోడు:
నిన్న రాత్రి చెప్పేశా. మెస్ వెనకాల ట్యాంకు కాడ నిలబడి చెప్పా. నాన్న కాసేపు మాట్లాడలా, వెనకాల టీవీ సౌండ్ ఒక్కటే వినపడతా ఉంది. ఎన్ని అన్నాడు, మూడు అన్నా. ముందే చెప్పి చావొచ్చు గదరా అని తిట్టి, సర్లే, మన నో బిడ్ బేళ్ళు కూడా మళ్ళీ కట్టి తీసుకుపోవాల్సిందే గదా అన్నాడు. తర్వాత అమ్మ తీసుకుని అన్నం తిన్నావా అంది. పన్నెండుకి పడుకున్నా, దడ ఉంది గానీ నిద్ర పట్టింది, ఫస్ట్ అవర్‌కి కూడా పోయినా. సీనియర్ అన్నా, ఎం3 పాత పేపర్లు నీ దగ్గర ఉంటే పెట్టు.